చాటుగా మాత్రం నడపకండి

ప్రశ్న: నాకు అరవై మూడేళ్లు. పద్దెనిమిదో ఏట మోటార్‌సైకిల్ నడపడం నేర్చుకున్నాను. నేర్పింది మా అన్నయ్య. నాన్నకు తెలియకూడదని అన్నయ్య చొక్కా వేసుకుని, జడను హెల్మెట్‌లోకి దోపుకుని, తెల్లవారకముందే బయలుదేరేదాన్ని. ఉద్యోగంలో చేరాక నా సంపాదనతో సొంత బండి కొనుక్కున్నాను. పెళ్లయినా, పాప పుట్టినా, ఆరేళ్ల కిందట మావారు పోయినా బండి నడపడం ఆగలేదు. ఇప్పుడున్నది నా నాలుగో బండి. బరువు 195 కిలోలు. పద్నాలుగేళ్లుగా నాతో ఉంది.

మూడు నెలల కిందట, కంకర పరిచిన వాలు మీద బండిని తిప్పుతుంటే కుడిపక్కకు ఒరిగిపోయింది. అప్పుడు నడక వేగం కూడా లేదు. పాదం కింద ఇరుక్కుని వాచింది కానీ ఎముక విరగలేదు. బండిని లేపడం నావల్ల కాలేదు. దారిన పోయేవాళ్లు ఇద్దరు వచ్చి లేపారు. ఆనాటి నుంచి మా అమ్మాయి బండి అమ్మేయమంటోంది, వయసుకు తగ్గట్టు ఉండమంటోంది. ఎనిమిదేళ్ల మనవరాలిని వెనక ఎక్కించుకోవద్దని తేల్చి చెప్పింది. మాటా మాటా పెరగడం ఇష్టం లేక, నడపడం మానేశానని చెప్పాను. నిజానికి మానలేదు. వారానికి రెండుసార్లు, నడకకు వెళ్తున్నానని ఫోనులో చెప్పి, ఓ గంటసేపు బండి మీద తిరిగి వస్తున్నాను. చీకటి పడ్డాక మాత్రం ఈమధ్య బయటికి తీయడం లేదు. ఎదురుగా వచ్చే లైట్లు కళ్లలో గుచ్చుకుంటున్నాయి.

నేను మానేయాల్సిన వేళ వచ్చిందా? ఓదార్చవద్దు, ఉన్నది చెప్పండి. ఇంకొక చిన్న సంగతి. ఆ రోజు నా హెల్మెట్ నేలకు తగిలింది. చిన్న గీత తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. కొని తొమ్మిదేళ్లయింది. అదే వాడుకోవచ్చా?

సమాధానం: మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు ఇది వయసు గురించిన ప్రశ్న అనుకున్నాను. రెండోసారి చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. ‘నడకకు వెళ్తున్నానని ఫోనులో చెప్పి’ అని రాశారు చూడండి, అక్కడ. నా జవాబు అక్కడి నుంచే మొదలవుతుంది.

మీరు బండి నడపడం మానేయాలని చెప్పడానికి ఈ ఉత్తరంలో నాకు కారణం కనిపించలేదు. కొన్ని పరీక్షలు చేయించుకోవాలి, కొన్ని మార్పులు చేసుకోవాలి, వాటి గురించి వివరంగా రాస్తాను. కానీ ఈ వారం నుంచే ఆపవలసినది మాత్రం ఒకటుంది. చాటుగా నడపడం.

మూడు నెలల కిందటి ఆ రోజును మళ్లీ ఒకసారి గుర్తు చేసుకోండి. పాదం బండి కింద ఉంది, లేపే బలం లేదు, ఇద్దరు మనుషులు అటుగా వచ్చారు కాబట్టి బయటపడ్డారు. అదే ఒరుగుడు మనుషులు తిరగని దారిలో జరిగి ఉంటే? మీరు ఫోను ఎత్తకపోతే అమ్మాయి మిమ్మల్ని ఎక్కడ వెతుకుతుంది? మీరు రోజూ నడిచే దారిలో. మీరేమో అక్కడికి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంటారు. దెబ్బ తగిలాక సాయం ఎంత త్వరగా అందిందన్నదే చాలాసార్లు ప్రాణాన్ని నిలబెడుతుంది. మీ 195 కిలోల బండి కన్నా, మీ అరవై మూడేళ్ల కన్నా నాకు ఎక్కువ భయం కలిగించింది ఆ అబద్ధం.

నన్ను బాధపెట్టింది కూడా అదే. పద్దెనిమిదేళ్ల వయసులో నాన్న కన్ను కప్పి నడిపారు. తర్వాత నలభై ఏళ్లకు పైగా మీ పేరు మీదున్న బండి మీద, మీ బట్టల్లో, పట్టపగలు, అందరూ చూస్తుండగా తిరిగారు. అంతటి ప్రయాణం చేసి మళ్లీ ఆ తెల్లవారుజాము చీకట్లోకే ఎందుకు వెళ్లడం?

ఆ అన్నయ్య చొక్కా సంగతి చదవగానే నాకు వాన్ బ్యూరెన్ అక్కచెల్లెళ్లు గుర్తొచ్చారు. 1916లో అగస్టా, అడెలిన్ అనే ఈ ఇద్దరూ చెరో మోటార్‌సైకిల్ (‘ఇండియన్’ అనే అమెరికా కంపెనీది) మీద అమెరికాను ఒక తీరం నుంచి మరో తీరం దాకా దాటారు. దారిలో 14,000 అడుగులకు పైగా ఎత్తున్న పైక్స్ పీక్ శిఖరం కూడా ఎక్కారు. యుద్ధంలో సందేశాలు మోసే పని ఆడవాళ్లూ చేయగలరని చూపించడం వారి ఉద్దేశం. చిన్న ఊళ్లలో పోలీసులు వారిని ఆపింది బండి నడిపినందుకు కాదు, మగవాళ్ల బట్టలు వేసుకున్నందుకు. అయినా ఆ ఇద్దరూ ఎవరి దగ్గరా దాక్కోలేదు. అసలు అందరికీ కనిపించాలనే బయలుదేరారు. సైన్యం వారిని తీసుకోలేదు, అది వేరే సంగతి.

ఇక బండి ఒరిగిన సంగతి. నేనూ ఇరవై ఆరేళ్లుగా బండి నడుపుతున్నాను, ఇలాంటి ఒరుగుడు నాకు రెండుసార్లు అనుభవం. మొదటిసారి నా వయసు ముప్పై ఒకటి. వేగంగా వెళ్తున్న బండి తనంతట తానే చాలావరకు నిలదొక్కుకుంటుంది. నడక వేగం కన్నా తగ్గినప్పుడు ఆ సాయం ఉండదు, బరువంతా మన చేతుల మీద, కాళ్ల మీద పడుతుంది. హ్యాండిల్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు ముందు బ్రేకు పట్టుకుంటే ముందు చక్రం ఉన్నచోట ఆగిపోతుంది, బండి బరువు తిప్పిన వైపుకే తోసుకుపోతుంది. దానికి కంకర, వాలు తోడైతే పడిన కాలు జారుతుంది. ఇదంతా అర సెకనులో ముగుస్తుంది. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు కూడా సరిగ్గా ఇలాగే పడిపోతారు. కాబట్టి ఈ ఒక్క పడటాన్ని చూసి ముసలితనం వచ్చిందని అమ్మాయి అన్నా, మీకు మీరే అనుకున్నా నేను ఒప్పుకోను.

అయితే మీకు మీరే వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ క్షణంలో మీరూ ముందు బ్రేకు పట్టుకుని ఉంటే, ఎందుకు పట్టుకున్నారు? కాలు నేలకు అందలేదా? తుంటి పట్టేసి కాలు సమయానికి కదలలేదా? నేల వాలు కళ్లకు సరిగా ఆనలేదా? మొదటిదైతే సీటు ఎత్తు తగ్గించుకోవచ్చు. రెండోదైతే వ్యాయామంతోనో వైద్యంతోనో నయం కావచ్చు. మూడోదైతే మాత్రం మీరు ఉత్తరంలో మరోచోట యథాలాపంగా రాసిన వాక్యం దగ్గరికి వెళ్లాలి.

రాత్రి లైట్లు కళ్లలో గుచ్చుకుంటున్నాయని చీకటి పడ్డాక నడపడం మానేశారు. మంచి నిర్ణయమే, కానీ అంతటితో వదిలేశారు. అరవై దాటిన వాళ్లలో ఈ ఇబ్బందికి తరచుగా కారణం కంటిశుక్లం. కంటిలోని కటకం కొద్దికొద్దిగా మసకబారి, లోపలికి వచ్చే వెలుగును చెదరగొడుతుంది. మొదట్లో పగటి చూపు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, రాత్రి లైట్ల చుట్టూ వెలుగు పరుచుకుంటుంది. ఇది శస్త్రచికిత్సతో నయమయ్యేది. ఆ కటకం తీసి కృత్రిమ కటకం అమర్చుతారు. కారణం శుక్లమే కావాలని లేదు, కళ్లద్దాలు మార్చవలసి రావడమో, కళ్లు పొడిబారడమో కూడా కావచ్చు. పరీక్ష చేయించుకున్నప్పుడు డాక్టరుకు మోటార్‌సైకిల్ నడుపుతానని తప్పకుండా చెప్పండి, పక్కచూపు ఎంత ఉందో కూడా చూడమనండి. నీటికాసుల జబ్బులో పక్కచూపు మనకు తెలియకుండానే తగ్గుతూ వస్తుంది. కూడలిలో పక్క నుంచి దూసుకొచ్చే వాహనాన్ని పట్టిచ్చేది ఆ పక్కచూపే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. ఒక్క సెకను ఆలస్యంగా చూస్తే బ్రేకు మీద వేలు పడకముందే ఆ 17 మీటర్లూ అయిపోతాయి.

ఎప్పుడు మానేయాలి అన్న మీ ప్రశ్నకు నాకు తెలిసిన మంచి జవాబు థెరిసా వాలక్ జీవితం. 1934 డిసెంబరులో ఈమె, స్నేహితురాలు ఫ్లారెన్స్ బ్లెంకిరన్‌తో కలిసి లండన్ నుంచి కేప్‌టౌన్‌కు బయలుదేరింది. 600 సీసీ పాంథర్ బండి, దానికి సైడ్‌కార్, వెనక లాగుడు బండి. సహారా ఎడారిని దిక్సూచి లేకుండా దాటారు. 1935 జులై చివరికి కేప్‌టౌన్ చేరారు. ఆ తర్వాత థెరిసా అమెరికాలో స్థిరపడి మోటార్‌సైకిల్ నడపడం నేర్పే బడి పెట్టింది. జీవితంలో కారు కొనలేదు. ఎనభై ఎనిమిదో ఏట బండి దిగింది. దింపింది ఆమె వయసు కాదు, చూపు. అరవై మూడంటే ఆమె లెక్కలో ఇంకా పాతికేళ్లు మిగిలి ఉన్నాయి. అలాగని మీరూ ఎనభై ఎనిమిది దాకా నడపాలని నేను అనను. ఆమె దేన్ని చూసి ఆగిందో మీరూ దాన్నే చూడమంటున్నాను.

ఎముకల గురించి కూడా చెప్పాలి. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్లలో ఎముకలు వేగంగా పలచబడతాయి. మూడు నెలల కిందట పాదం వాపుతో సరిపోయింది, అదే ఒరుగుడుకు మరోసారి మణికట్టో తుంటో విరగవచ్చు. ఎముకల సాంద్రత పరీక్ష నొప్పి లేనిది, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఫలితం బాగా లేకపోతే మందులున్నాయి. అప్పుడు మాత్రం, డాక్టరు సరేననే దాకా బండి బయటికి తీయకండి. వేసుకునే మందుల చీటీ కూడా చూపించండి. జలుబుకు, అలర్జీకి, నిద్రకు ఇచ్చే కొన్ని మందులు మగత తెప్పిస్తాయి. రక్తపోటు మందుల్లో కొన్నింటికి లేవగానే తల తిరుగుతుంది.

ఓదార్చవద్దన్నారు కాబట్టి దాచకుండా చెబుతున్నాను. ఒకే దూరానికి లెక్కేస్తే మోటార్‌సైకిల్ మీద ప్రాణాపాయం కారు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఇది ఏ వయసులోనైనా నిజమే. అరవై దాటాక అదే దెబ్బ మానడానికి ఎక్కువ కాలం పడుతుంది. నలభై అయిదేళ్ల అనుభవం మీకు ముందుచూపును ఇచ్చింది, మలుపు అవతల ఏముందో ఊహించడం నేర్పింది. విరిగిన ఎముకను మాత్రం అది అతికించలేదు. ఇది తెలిసి, ఒప్పుకుని నడపాలి.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి. మీకూ ఆ 195 కిలోల బండికీ ఎడబాటు తప్పదేమో. పద్నాలుగేళ్ల అనుబంధం చిన్నది కాదని తెలుసు. నేను నా రెండో బండిని ఇచ్చేసిన రోజు కొత్త యజమాని దాన్ని మలుపు తిప్పే దాకా గుమ్మంలోనే నిలబడ్డాను. కానీ పడిపోయిన బండిని ఒంటరిగా లేపలేని మనిషి ఒంటరిగా దూరం వెళ్లకూడదన్నది నేను నమ్మే నియమం. ఏ వయసువారికైనా అదే చెబుతాను.

లేపడానికి ఒక పద్ధతి ఉంది, బహుశా మీకెవరూ నేర్పి ఉండరు. ఇంజిన్ ఆపి, బండి దొర్లకుండా మొదటి గేరులో ఉంచాలి. కుడివైపు పడి ఉంటే ముందే సైడ్ స్టాండ్ తెరిచిపెట్టాలి. హ్యాండిల్‌ను నేల వైపుకు పూర్తిగా తిప్పి, బండికి వీపు చూపించి, సీటు అంచుకు నడుము కింది భాగం ఆనించి కూర్చున్నట్టు వంగాలి. ఒక చేత్తో హ్యాండిల్ పిడిని, మరో చేత్తో సీటు కింద గట్టిగా ఉన్న చోటును పట్టుకోవాలి. వెన్ను నిటారుగా ఉంచి, కాళ్లతో నేలను తోస్తూ చిన్న అడుగులతో వెనక్కి నడవాలి. బరువు ఎత్తేది కాళ్లు, నడుము కాదు. ఎముకల పరీక్ష అయ్యాక, పక్కన బలమైన మనిషి ఉండగా, మెత్తటి నేల మీద ప్రయత్నించి చూడండి. వచ్చిందా, ఆ బండిని ఉంచుకోండి. రాలేదా, 140 కిలోలకు దగ్గరగా ఉండి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనే బండి చూసుకోండి.

తేలిక బండి అంటే తక్కువ అనుకోకండి. 1973లో ఆన్-ఫ్రాన్స్ దోత్విల్ అనే ఫ్రెంచి రచయిత్రి ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టి వచ్చింది 125 సీసీ కవాసాకీ మీదే. కొత్త బండి కొంటే ఏబీఎస్ ఉన్నదే కొనండి. హఠాత్తుగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా అది చూసుకుంటుంది. అయితే నడక వేగంలో ఏబీఎస్ పనిచేయదు కాబట్టి మీరు పడిన రకం ఒరుగుడును అది ఆపలేదు. దాన్ని ఆపేది సాధన ఒక్కటే. ఖాళీ మైదానంలో క్లచ్‌ను సగం పట్టు దగ్గర నిలిపి, వెనక బ్రేకు తేలిగ్గా ఆనించి, ముందు బ్రేకును పూర్తిగా మరిచిపోయి, చూపును చక్రం దగ్గర కాకుండా వెళ్లవలసిన చోట పెట్టి, ఎనిమిది అంకె గీసినట్టు తిరగండి. వారానికి ఇరవై నిమిషాలు చాలు. మీకు అందుబాటులో శిక్షకులు ఉంటే వారి దగ్గర రెండు రోజులు మళ్లీ నేర్చుకోండి. నలభై అయిదేళ్లు నడిపిన వాళ్ల చేతుల్లో నలభై అయిదేళ్ల చెడ్డ అలవాట్లు కూడా ఉంటాయి. ముందు బ్రేకు పట్టేసే మీ వేళ్లు వాటిలో ఒకటేమో.

ఇక మీ అమ్మాయి. ‘వయసుకు తగ్గట్టు ఉండు’ అన్న మాట నాకూ నచ్చలేదు. కానీ ఆ మాట వెనక ఏముందో చూడండి. ఆమె పుట్టినప్పటి నుంచి మిమ్మల్ని బండి మీదే చూసింది. ఇన్నేళ్లూ అడ్డు చెప్పినట్టు మీరు రాయలేదు. నాన్నను పోగొట్టుకుని ఆరేళ్లయింది, ఆమెకు మిగిలింది మీరు ఒక్కరే. మీకు అది కంకర మీద చిన్న ఒరుగుడు, ఆమెకు మరోసారి రాబోయిన ఫోను. ఆమె భయాన్ని మీరు అబద్ధంతో చల్లార్చారు. అది బయటపడిన రోజున మీరు ఇకమీదట ‘బాగానే ఉన్నాను’ అని చెప్పినా నమ్మదు. బండి విషయంలోనే కాదు, ఒంట్లో బాగా లేని రోజు విషయంలో కూడా.

కాబట్టి ఫోనులో వద్దు, ఎదురుగా కూర్చుని చెప్పండి. మానలేదని ముందు చెప్పండి, తర్వాతే కారణాలు. కోప్పడుతుంది, పడనివ్వండి. తర్వాత కంటి పరీక్షకు, ఎముకల పరీక్షకు ఆమెనే వెంట రమ్మనండి. డాక్టరు చెప్పేది తన చెవులతో వింటే ఆమె ఊహల్లోని భయం కొంతైనా తగ్గుతుంది. బయలుదేరేటప్పుడు ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో చెప్పండి. ఫోనులో మీరెక్కడున్నారో ఆమెకు కనిపించేలా పెట్టుకోండి. ఒక షరతు ఆమెనే పెట్టమనండి. వానలో వద్దంటుందో, పెద్ద రహదారి వద్దంటుందో, చేరగానే ఫోను చేయమంటుందో. ఏదైనా ఒప్పుకోండి.

మనవరాలి విషయంలో మాత్రం నేను పూర్తిగా మీ అమ్మాయి పక్షం. మీ ప్రాణానికి సంబంధించిన నిర్ణయం మీది, ఆ పిల్ల ప్రాణానికి సంబంధించినది తల్లిదండ్రులది. ఇందులో బేరమాడకండి, పిల్ల చేత అడిగించకండి. బండి శుభ్రం చేసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి, గొలుసుకు నూనె ఎందుకు వేస్తారో, టైరులో గాలి ఎలా చూస్తారో చూపించండి. పద్దెనిమిదేళ్లు నిండాక ఆమెకు నేర్పేవారు ఒకరు కావాలి. ఆ పిల్లకు ఎవరి చొక్కా అవసరం రాదు.

ఒక కాగితం తీసుకుని, ఆరోగ్యంగా ఉన్న ఈ రోజుల్లోనే, ఏమేం జరిగితే బండి దిగిపోతానో మీ చేత్తో రాసి, ఒక ప్రతి అమ్మాయికి ఇవ్వండి. నేనైతే ఇలా రాసుకున్నాను: సరిచేయలేనంతగా చూపు తగ్గితే, మెడ తిప్పి భుజం మీదుగా వెనక్కి చూడలేకపోతే, తెలిసిన దారిలో ఎటు తిరగాలో తడబడితే, పక్కన వాహనం ఉన్నట్టు హారన్ మోగే దాకా తెలియకపోవడం ఒకే నెలలో రెండుసార్లు జరిగితే. మీ కాగితం మీద ఇంకేవైనా ఉండవచ్చు. అక్కడ సంవత్సరాల అంకె మాత్రం వేయకండి. రెండు చక్రాలు కుదరని రోజు వస్తే మూడు చక్రాలవీ, సైడ్‌కార్ తగిలించినవీ ఉన్నాయి. ఆ మాట అప్పుడు మాట్లాడుకుందాం.

హెల్మెట్ అడిగారు. అది వాడకండి. లోపలి నురుగు పొర ఒక్కసారి నలిగి దెబ్బను తనలోకి తీసుకోవడానికే ఉంటుంది, మళ్లీ మామూలు స్థితికి రాదు. ఎంత నలిగిందో పై గీతను చూసి చెప్పలేం. ఆ దెబ్బ తగలకపోయినా తొమ్మిదేళ్లు ఎక్కువే, అయిదేళ్లకు మార్చమని తయారీదారులే చెబుతారు. పట్టీ కోసి పారేయండి, ఇంకెవరూ తీసుకుని వాడకుండా. కొత్తది కొనేటప్పుడు తల చుట్టూ కొలుచుకుని, బుగ్గలకు బిగుతుగా ఆనే దాన్ని, ముఖమంతా కప్పే దాన్ని తీసుకోండి. జడ లోపలికి దోపితే కొలత మారిపోతుంది, బయటే ఉంచుకోండి.